ఇంట్లో ఉండే ఆయాతో మేం పడ్డ బాధ

నాకు సిజేరియన్ అయింది, అమ్మకేమో మోకాలి ఆపరేషన్, అత్తయ్యగారు లేరు. అందుకని హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి నెల జీతమంత కమీషన్ ముందే కట్టి, రాత్రీ పగలూ ఇంట్లోనే ఉండే ఆయాను పెట్టుకున్నాం. పసిపిల్లల్ని చూడటంలో ట్రైనింగ్ ఉందని చెప్పారు. ఏ కాగితమూ చూపించలేదు.

రాత్రిళ్లు పాప ఏడుస్తుంటే ఆవిడ ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఉండేది. అది ఎలాగో సర్దుకున్నాం. కానీ ఒకరోజు పాప నోట్లో వేలితో తేనె నాకిస్తూ కనిపించింది, అడిగితే "మా పిల్లలందరికీ పెట్టానమ్మా, ఏం కాలేదు" అంది. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా పెట్టకూడదు, అందులో ఉండే బ్యాక్టీరియా వల్ల బొటులిజం వచ్చి పసివాళ్ల కండరాలు చచ్చుబడొచ్చు, ఊపిరి కూడా ఆడకపోవచ్చు! డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం, దేవుడి దయ వల్ల పాపకు ఏమీ కాలేదు. పాప తాగి వదిలేసిన డబ్బా పాలు పారబొయ్యకుండా గంటల తర్వాత మళ్లీ అవే పట్టేదని కూడా అప్పుడే బయటపడింది.

అదే రోజు పంపించేశాం. ఏజెన్సీవాళ్లు డబ్బు వాపసు ఇవ్వం, ఇంకో మనిషిని పంపిస్తాం అన్నారు. ఆ వచ్చే మనిషి ఆధార్, పోలీస్ వెరిఫికేషన్, ఇంతకుముందు పనిచేసిన ఇళ్ల ఫోన్ నంబర్లు అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాం. ఇప్పుడు పిన్ని వచ్చి ఉంటోంది.