గంట శ్రుతి పట్టుకోవడానికి నేను పడ్డ పాట్లు

ఒక నాటకానికి సంగీతం చేస్తున్న మిత్రుడు నాకో చిన్న పని అప్పజెప్పాడు. తెర లేవగానే పెద్ద కంచు గంట మోగాలి, ఆ మోత ఆగకముందే కీబోర్డు అదే శ్రుతిలో అందుకోవాలి. గంట శ్రుతి ఎంతో కనుక్కుని చెప్పడం నా వంతు. పావుగంట పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది.

గంట పాతది, మూతి అడ్డంగా మూడడుగులకు కాస్త తక్కువ. ఫోన్లో ట్యూనర్ తెరిచి కొట్టాను. ముందు 862 హెర్ట్జ్ (అంటే సెకనుకు 862 కంపనాలు) చూపించింది. రెప్పపాటులో 517కి దూకింది. నాలుగైదు సెకన్లయ్యాక 229 దగ్గర కుదురుకుంది. ఎన్నిసార్లు కొట్టినా అదే వరస.

"చూపిస్తోంది కదరా, రాసేసుకో" అన్నాడు మిత్రుడు.

"మూడింట్లో ఏది రాయమంటావు?" అంటే జవాబు లేదు.

పైగా నా చెవికి వినబడుతున్నది ఆ మూడింట్లో ఏదీ కాదు. కీబోర్డు ట్యూనింగ్ కొద్దికొద్దిగా జరుపుతూ, గంట దెబ్బతో పోల్చుకుంటూ పోతే సరిగ్గా 431 దగ్గర రెండూ ఒకటైపోయాయి.

రికార్డింగును ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి స్పెక్ట్రమ్, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోత ఉందో చూపే గ్రాఫ్, గీయించాను. మొదటిసారి అన్నీ మట్టిదిబ్బల్లా వచ్చాయి. సైజు, అంటే ఒక్కో లెక్కకు తీసుకునే ధ్వని నమూనాల సంఖ్య, 2048లో ఉంచడం నా పొరపాటు, అప్పుడు అది 21 హెర్ట్జ్‌కి ఒక మెట్టు చొప్పున కొలుస్తుంది. 65536కి మార్చగానే సూదుల్లా నిలబడ్డాయి: 229, 415, 517, 640, 862, 1293, 1765. అన్నీ ఉన్నాయి, 431 మాత్రం లేదు! మైకు మీద అనుమానమొచ్చి ఇంకో మైకుతో మళ్ళీ రికార్డు చేశాను. అప్పుడూ లేదు.

ఇక చదవక తప్పలేదు. 1890లో లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త గంటల్ని పరీక్షించి ఇదే చిక్కు చూశాడట. గంటకు జనం చెప్పే శ్రుతి, అందులో మోగే స్వరాల్లో కింది నుంచి అయిదోదానికి ఒక స్థాయి కిందిది. నా లెక్కలో అయిదోది 862, అందులో సగం 431. అది ఎందుకు వినబడుతుందన్నది చెవికి సంబంధించిన సంగతి. 862, 1293 రెండూ 431కి రెండింతలు, మూడింతలు. 1765 నాలుగింతలకు కాస్త ఎక్కువే అయినా చెవి సర్దుకుపోతుంది. ఇవన్నీ ఒక్కసారిగా వచ్చి పడితే, వీటి మూలం 431 అయ్యుండాలని మనకు తెలియకుండానే నిర్ణయించేసుకుంటుంది.

నమ్మబుద్ధి కాలేదు. ఆడాసిటీలోనే ఫిల్టర్ పెట్టి 700 కింద ఉన్నదంతా కోసేశాను. గంట ఒట్టి రేకులా పలచబడింది కానీ దెబ్బ శ్రుతి, అదే కొట్టగానే వినబడే 431, అక్కడే ఉంది. 862ని కూడా తీసేశాక గానీ అది చెదరలేదు. ఆ రాత్రి ఆ రెండు ముక్కల్నీ ఎన్నిసార్లు విన్నానో నాకే గుర్తులేదు.

మరి 415 ఏమిటి? నిజానికి బాగా శ్రుతి చేసిన గంటలో అది 431 దగ్గరే ఉండాల్సిన స్వరం. అడుగున ఉన్న 229 దానికి సగం, అంటే 215 చిల్లర ఉండాలి. 1644లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ ఊరి గంటల్ని పోతపోసిన హెమోనీ సోదరులు లోపలి వైపు లోహం చెక్కి కింది అయిదు స్వరాల్నీ వరసలో పెట్టేవారు. నా గంటకు ఆ భాగ్యం కలగలేదు.

ఇంకో తలనొప్పి, మోత చివర్లో సెకనుకు రెండుసార్లు ఊగడం. పోతలో గంట అచ్చంగా గుండ్రంగా రాదు, అందుకని 229 అనుకున్నది నిజంగా 228, 230 అనే జంట, ఆ రెండింటి తేడానే ఈ ఊపు. ఎక్కడ కొట్టామన్నదాన్ని బట్టి ఊపు మారుతుందని చదివి, సుద్దముక్క, కొయ్య సుత్తి పట్టుకుని అంచు చుట్టూ తిరిగాను. ఒకచోట ఊపు పూర్తిగా పోయింది. గుర్తు పెట్టాను. కొంచెం పక్కకు జరిగితే మళ్ళీ ఊగింది, ఇంకొంచెం జరిగితే మళ్ళీ నిలిచింది. చుట్టు పూర్తయ్యేసరికి దాదాపు సమాన దూరాల్లో ఎనిమిది సుద్ద గీతలు! జంటలో ఒకటి బలంగా కదిలే చోట రెండోది అసలు కదలదు, అందుకే అక్కడ ఒక్కటే మోగుతుంది. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

చివరికి కీబోర్డులో మామూలుగా 440 ఉండే స్వరాన్ని 431కి దించి, సుద్ద గీత మీద కొట్టించి రికార్డు చేశాం. దెబ్బ పడినప్పుడు రెండూ అతికినట్టు కలిశాయి. నాలుగు సెకన్లయ్యాక కీబోర్డు కింది స్థాయి స్వరమూ, గంటలో మిగిలిన 229 మోతా ఒక స్వరస్థానం తేడాతో కొట్టుకోవడం మొదలైంది. కీబోర్డులో కింది స్వరం తీసేసి, గంట చివరి మోతను ఫేడ్ చేయమన్నాను. మిత్రుడు మోత పూర్తిగా వినబడాల్సిందేనన్నాడు. చివరికి కింది స్వరం ఒక్కటే పోయింది.