స్టాప్‌వాచ్ మళ్లీ బయటికి తీశాను

ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను. రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్నవి రెండే వస్తువులు, ఒక విజిల్, ఒక స్టాప్‌వాచ్. విజిల్‌ని మా మనవరాలు మొదటి రోజే లాక్కుంది. స్టాప్‌వాచ్ సొరుగులో పడి ఉండేది. దాన్ని బయటికి తీయించింది ఒక నీళ్ల సీసా.

మనవరాలు రెండో తరగతి. పొద్దున్నే బడికి నడిపించుకెళ్లేది నేనే. ఆరోజు మా ముందు నడుస్తున్న ఒక పిల్లాడి బ్యాగు పక్క జేబులోంచి సీసా జారి పడింది. నీలం రంగు ప్లాస్టిక్ సీసా. పడ్డది పడ్డట్టు ఉండకుండా దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది. పిల్లాడు దాని వెనకే వెళ్లి వంగాడు. గేటు పక్కన ఆపి ఉన్న వ్యాను వెనక నుంచి వెళ్లాడు కాబట్టి అటు నుంచి వస్తున్న కారుకు వాడు కనబడే వీలే లేదు. వంగిన ఏడేళ్ల పిల్లాడంటే ఎత్తెంతో చెప్పండి, బానెట్ కిందికే.

బ్రేకు చప్పుడు, టైరు కాలిన వాసన. కారు ఆగింది. బంపరుకీ పిల్లాడికీ మధ్య నేను చెయ్యి చాపితే ఎంత ఉంటుందో అంత ఖాళీ. వాడు సీసా తీసుకుని, మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుని, తాపీగా గేట్లోకి వెళ్లిపోయాడు. కారులో ఆయన మాత్రం స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నా కాళ్లలో వణుకు మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

మర్నాడు టేపు పట్టుకెళ్లాను. బడి ప్రహరీ గోడ మీద సరిగ్గా 50 మీటర్ల దూరంలో సుద్దతో రెండు గీతలు గీశాను. వాచ్‌మన్ "మాస్టారూ, ఇక్కడ పరుగు పందేలా?" అని నవ్వాడు. అంతే మరి. ఇక్కడ 30 అని బోర్డు ఉంది. గంటకు 30 కిలోమీటర్లంటే ఈ 50 మీటర్లు దాటడానికి 6 సెకన్లు పడుతుంది. 50లో వస్తే 3.6, అరవైలో వస్తే 3. లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక, ఆరు కంటే తక్కువ వచ్చిందంటే తప్పే.

ఆరోజు అరగంటసేపు నిలబడితే ఆరు వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగు, నాలుగున్నర, మూడు ముప్పావు. నాకు తెలిసిన వేగాలు మనుషులవి కాబట్టి వాటితోనే పోల్చుకున్నాను. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు. సగటున 50 మీటర్లకు 4.79. భూమ్మీద అంతకంటే వేగంగా ఎవరూ పరుగెత్తలేదు. మా బడి ముందు మాత్రం ఒక చేత్తో టిఫిన్ బాక్సు సర్దుతూ, ఇంకో చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఆయన్ని దాటేస్తున్నారు.

అదే పరుగులో బోల్ట్ తుపాకి మోతకు కదలడానికి పట్టింది 0.146 సెకను. చెవులు ఆ మోత కోసమే రిక్కించి కూర్చున్న మనిషి ఆయన. డ్రైవరు అలా కాదుగా. మనసు ఆఫీసులోనో, ఇంట్లో ఆర్పామో లేదో తెలియని గ్యాస్ మీదో ఉంటుంది. పిల్లాడిని చూసి కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పడుతుందనుకున్నా అది మంచి డ్రైవరే. ఆ ఒక్క సెకనులో 30లో వచ్చే బండి 8 మీటర్లు పైచిలుకు ముందుకు పోతుంది, ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13. మరి 50లో వచ్చే బండి? ఆ 13 మీటర్ల దగ్గర దాని బ్రేకు ఇంకా పడనే లేదు. ఒక బండి పూర్తిగా ఆగిన చోట రెండోది అదే 50తో గుద్దుతుందన్నమాట. ఈ సంగతి కాగితం మీద వేసి చూసుకున్నప్పుడు నేనే రెండుసార్లు సరిచూశాను.

"పిల్లలకు చూసి దాటడం నేర్పాలి సార్" అంటారు చాలామంది. నేర్పాలి, కాదనను. కానీ 2010 ప్రాంతంలో లండన్ యూనివర్సిటీకి చెందిన రాయల్ హాలోవే కాలేజీలో పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లల చూపును పరీక్షించారు. గంటకు ఇంచుమించు 32 కిలోమీటర్లు దాటి వచ్చే బండి దగ్గరికొస్తోందన్న సంగతే వాళ్లు నమ్మకంగా పట్టుకోలేకపోయారు. నాకిది ఆశ్చర్యం కలిగించలేదు. చిన్నపిల్లలకు క్యాచ్‌లు నేర్పినవాడిని. ఎదురుగా వచ్చే బంతి మొదట పెరుగుతున్నట్టే కనిపించదు, కనిపించేసరికి ముఖం మీదుంటుంది. వేగంగా వచ్చే కారూ అంతే, దాటే సమయానికి ఇంకా దూరంగా ఉంటుంది కాబట్టి బొమ్మలా ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది. పిల్ల రెండు వైపులా చూస్తుంది, బుద్ధిగా చూస్తుంది, ఏమీ రావట్లేదనుకుంటుంది. 2020లో స్టాక్‌హోమ్‌లో దేశదేశాల మంత్రులు కూర్చుని, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదన్నారంటే ఊరికే కాదు.

స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ ఇచ్చాం. దాని కథ వేరే, ఇక్కడ వద్దు. అమెరికాలో 1953లో ఆర్థర్ కాంప్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త తన యూనివర్సిటీ దగ్గర బండ్ల వేగం భరించలేక స్వయంగా స్పీడ్ బంప్‌లు తయారుచేయించాడట. నోబెల్ వచ్చినాయన. అంతటి వాడికే తప్పలేదు, నాదెంత.

అసలు సంగతికి వస్తాను. నాలుగో రోజు తెల్ల కారు ఒకటి 3.8లో దాటింది. అంటే 47. నంబరు రాసుకుందామని తలెత్తితే అది మా అమ్మాయిది.

సాయంత్రం చెప్పాను. "నేనా? నలభై కూడా దాటను నాన్నా, అక్కడ మన పాప బడే కదా" అంది. వాచ్ చూపించాను. "మీటింగ్ ఉంది ఆరోజు" అంది. నేనేమీ అనలేదు. కాగితం తీసి లెక్క వేశాను. మలుపు నుంచి గేటు దాటేదాకా బడి రోడ్డు 200 మీటర్లు. 30లో వెళితే 24 సెకన్లు, 50లో వెళితే 14.4. మిగిలేది 9.6 సెకన్లు. బోల్ట్ పరుగంత. "ఆ పది సెకన్లలో మీటింగ్‌లో ఏం చేస్తావమ్మా?" అన్నాను. అది కాగితం వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, విసురుగా లోపలికి వెళ్లిపోయింది. తప్పు నాదే కావచ్చు, మాస్టరు గొంతు ఇంట్లో వాడకూడదు.

రెండు రోజుల తర్వాత "ఆ వాచ్ ఒక్కరోజు నాకివ్వు నాన్నా" అంది. ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

ఆ మధ్యాహ్నం వాన పడేలా ఉందని స్కూటర్ మీద వెళ్లాను. ఎక్కడా తొందర పడలేదు, మెల్లగానే వెళ్తున్నాననుకున్నాను. గేటు దగ్గర తల్లీకూతుళ్లిద్దరూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. స్టాప్‌వాచ్ మనవరాలి చేతిలో ఉంది. అమ్మాయి పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటోంది.

"నాలుగు పాయింట్ తొమ్మిది" అని చదివింది మనవరాలు. నేను హెల్మెట్ తీస్తూ మనసులోనే లెక్క వేసుకున్నాను. ముప్పై ఆరున్నర పైనే.

"బోల్ట్ కంటే తక్కువేలే" అన్నాను.

"ఆరు రావాలి కదా తాతయ్యా" అంది.