రాజకుమారుడి కోసం 35 మంది, మా ఇంట్లో ముగ్గురం

అమెరికాలో ఆడపిల్లల్ని పెంచుతున్న మన తల్లులు కలిసినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఈ ఇంగ్లీషు ప్రేమ నవలలు పిల్లల్ని చదవనివ్వాలా వద్దా అని. నా మాట ముందే చెప్పేస్తాను. చదవనివ్వండి, కుదిరితే మీరూ చదవండి. మా అమ్మాయికి 13 ఏళ్లు, ఫ్రిస్కోలో ఎనిమిదో తరగతి. కీరా కాస్ రాసిన 'ది సెలెక్షన్' సిరీస్ పట్టుకుని అన్నం దగ్గర కూడా వదలట్లేదు. మొదటి పుస్తకం 2012లో వచ్చింది, అయినా ఈ వయసు పిల్లల్లో ఇప్పటికీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళుతూనే ఉంది. అట్ట మీద నీలం గౌనులో ఒక అమ్మాయి, లోపల ఒక రాజకుమారుడు. ఇంతే కదా అనుకుంటే మాత్రం పొరపాటు.

కథ చెప్తాను. ఇప్పటి అమెరికా యుద్ధాల్లో పోయాక అదే నేల మీద ఇలేయా అనే రాజ్యం వస్తుంది. యువరాజు మాక్సన్‌కి పెళ్లి చెయ్యాలి. దేశంలోని 35 ప్రాంతాల నుంచి ఒక్కొక్క అమ్మాయిని రాజభవనానికి రప్పిస్తారు, వాళ్లలోంచి అతను ఒకరిని ఎంచుకుంటాడు, దేశమంతా టీవీలో చూస్తుంది. ఆ వచ్చినవాళ్లలో ఒకమ్మాయి పేరు అమెరికా సింగర్. ఆమెకి ఈ పోటీ మీద ఆశ లేదు, ఎందుకంటే అప్పటికే ఆస్పెన్ అనే అబ్బాయిని ప్రేమిస్తోంది. ఎస్తేరు కథ తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. బైబిల్లో కూడా రాజుగారికి రాణి కావాలని దేశమంతా వెతికి కన్యల్ని తెచ్చి, ఆరు నెలలు బోళం నూనెతో, ఆరు నెలలు సుగంధ ద్రవ్యాలతో తయారు చేసి ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. ఆ అమ్మాయిల్లో ఎవరి మనసులో ఎవరున్నారో అక్కడ ఎవరూ అడగరు.

మా అమ్మకి ఈ కథంతా ఆదివారం వీడియో కాల్‌లో మనవరాలే చెప్పింది. అమ్మ తెనాలిలో ఉంటుంది. తెలుగు, ఇంగ్లీషు కలిపి పిల్ల చెప్తుంటే ఆవిడ ఎంత శ్రద్ధగా విన్నదో, మధ్యలో నేను మందుల సంగతి అడిగితే "ఉండవే, చెప్పనీ" అని నన్నే కసిరింది. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మా అమ్మ తరం మొత్తం యద్దనపూడి సులోచనారాణి నవలల మీద పెరిగిన తరం. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చి, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని, వంటింట్లో దీపం కింద, ఎలా వీలైతే అలా చదివారు. 'సెక్రటరీ'లో రాజశేఖరం ఎవరనుకున్నారు, కిరీటం లేని రాజకుమారుడే కదా. పెద్ద ఇల్లు, కారు, ఒడ్డూ పొడుగూ, చుట్టూ అతని చూపు కోసం చూసే ఆడవాళ్లు, వాళ్ల మధ్య డబ్బు లేకపోయినా తల వంచని జయంతి. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది. అమెరికా సింగర్ రాజభవనానికి వచ్చిన రోజు రాత్రే రాజకుమారుడి మీద విసుక్కుందని మా పిల్ల చెప్పగానే అమ్మ "అచ్చం మన జయంతే" అంది. యద్దనపూడి గారు 2018లో కాలిఫోర్నియాలో, కూతురి దగ్గర ఉండగా కన్నుమూశారని నేను చెప్తే, మా అమ్మాయికి ఆవిడెవరో ఒక్కసారిగా దగ్గరి మనిషిలా అనిపించింది. "ఆమె పిల్లలు కూడా ఇక్కడే ఉన్నారా" అని అడిగింది. పిల్లలకి మన రచయితల్ని పరిచయం చెయ్యడానికి ఇలాంటి దారులు దొరికితే వదలకూడదు. వారాంతపు తెలుగు బడిలో పద్యం బట్టీ పట్టించడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

అయితే ఈ రెండు పుస్తకాలకీ పెద్ద తేడా ఒకటుంది, అసలు ఇదంతా రాయడానికి కారణం అదే.

ఇలేయాలో అందరికీ నంబర్లుంటాయి, ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఒకటంటే రాజకుటుంబం, ఎనిమిదంటే ఇల్లూ వాకిలీ లేనివాళ్లు. నంబరు పుట్టుకతో వస్తుంది, ఏ పని చేసుకుని బతకాలో దాన్ని బట్టే ఉంటుంది. రచయిత్రి వీటికి క్యాస్ట్ అనే మాటే వాడింది. అమెరికా సింగర్ వాళ్లది ఐదు, పాటలు పాడేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు. ఆస్పెన్‌ది ఆరు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. ఒక్క మెట్టే తేడా. పెళ్లయితే ఆడపిల్లకి భర్త నంబరు వస్తుంది, అందుకే తల్లి ఎప్పుడూ పై నంబరు వైపే చూడమంటుంది. ఇక్కడి పిల్లలకి ఇది ఎప్పుడో రాబోయే చెడ్డకాలం గురించి అల్లిన కథ. మనకి మాత్రం పెళ్లి సంబంధాల వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ తర్వాత నింపాల్సిన గడి.

కూచిపూడి క్లాసుకి తీసుకెళుతుంటే కారులో అడిగింది. "అమ్మా, మనం ఏ నంబర్?"

అది అంత సూటిగా అడగడానికి కారణం పుస్తకం ఒక్కటే కాదు. మన ఇళ్లలో కొత్తగా ఎవరైనా పరిచయమైతే ఇంటిపేరు కనుక్కుని, ఊరు కనుక్కుని, తర్వాత గొంతు తగ్గించి "మనవాళ్లేనా" అనుకుంటాం కదా, అదంతా పిల్లలు వెనక సీట్లో కూర్చుని వింటూనే ఉంటారు. వాళ్లకి తెలుగు సరిగ్గా రాదని మనం అనుకుంటాం. ఇలాంటివి మాత్రం బాగా అర్థమవుతాయి.

నేను దాటవెయ్యలేదు. కులం పేరు చెప్పాను. మనం పై మెట్ల మీద ఉన్నవాళ్లమని చెప్పాను. మా తాతగారికి పొలాలుండేవని, ఆ పొలాల్లో పనిచేసే కుటుంబాలు మా ఇంటి గడప లోపలికి వచ్చేవి కావని, వాళ్ల కోసం పెరట్లో వేరే గ్లాసులుండేవని, నా చిన్నప్పుడు వాటిని నేను చూశానని చెప్పాను. "తాతయ్య మంచివారన్నావుగా" అంది. మంచివారే, నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పారు. గ్లాసులు కూడా నిజమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని అడిగితే దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. పిల్లలతో తేలికైన జవాబులే చెప్పాలనే నియమం కూడా నాకు లేదు.

తర్వాత నేను ఆలోచిస్తే తట్టింది. మా అమ్మ, నేను చదివిన ఆ నవలల్లో డబ్బు తేడా ఉంటుంది, హోదా తేడా ఉంటుంది, అపార్థాలు ఉంటాయి. కులం ఊసే రాదు, కనీసం నేను చదివినవాటిలో. కారున్న అబ్బాయి, కారు లేని అమ్మాయి కలుస్తారు, వాళ్లిద్దరిదీ ఒకే కులమా కాదా అనే ప్రశ్న పుట్టదు, ఎందుకంటే రాసేవాళ్లూ చదివేవాళ్లూ అది సరిపోయిందనే అనుకుని ముందుకెళ్లిపోతారు. నాకు ఆ నవలలంటే ఇప్పటికీ ప్రేమే. కానీ మన అమ్మాయిలు కలలు కనడానికి ఇచ్చిన ఆ మేడలో ఒక గదికి తాళం వేసి ఉందని, ఎక్కడో అమెరికాలో రాసిన పిల్లల నవల చదివాకే నాకు కనిపించింది.

రెండో పుస్తకంలో, 2013లో వచ్చిన 'ది ఎలీట్'లో, మార్లీ అనే అమ్మాయి ఉంటుంది. అమెరికా సింగర్‌కి ప్రాణస్నేహితురాలు. పోటీలో ఉండగానే ఒక కాపలా భటుణ్ణి ప్రేమించి దొరికిపోతుంది. ఇద్దర్నీ జనం ముందు కట్టేసి బెత్తాలతో కొట్టి ఎనిమిదో నంబరులోకి తోసేస్తారు. మా అమ్మాయి ఆ పేజీలు చదివి ఏడ్చింది, ఆ రాత్రి నా పక్కనే పడుకుంది. "ఇలా నిజంగా చెయ్యరు కదా" అంది. ఏం చెప్పాలి? 2018లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, కడుపుతో ఉన్న భార్య పక్కన నడుస్తుండగా, ఆసుపత్రి బయట నరికి చంపారు. ఆ అమ్మాయి తండ్రే మనుషుల్ని పెట్టి చేయించాడన్నది కేసు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇవన్నీ ఆ రాత్రి చెప్పలేదు. నిజంగా చేస్తారు, చేసినవాళ్లకి శిక్ష పడింది కూడా, అని మాత్రం చెప్పాను. మిగతాది పెద్దయ్యే కొద్దీ తనే చదువుకుంటుంది, అప్పుడు నేను పక్కనుంటే చాలు.

ఒక స్నేహితురాలు నాతో గట్టిగానే వాదించింది. ఇక్కడ పుట్టిన పిల్లలకి కులం తెలియకుండా పెంచుతున్నాం, వాళ్లతోనే అది పోతుంది, నువ్వెందుకు తవ్వుతావు అని. ఆమె ఉద్దేశం మంచిదే. కానీ తెలియకుండా పెంచడం అనేది జరగట్లేదు. ఇరవై అయిదేళ్లు రాగానే అదే పిల్ల ఫొటో మన కులం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది, అప్పుడు తెలుస్తుంది. పైగా ఈ దేశంలో కూడా ఇది బయటికొచ్చేసింది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు శాసనసభ దాటాక గవర్నర్ తిప్పి పంపారు. బయట కాలేజీలో తోటి విద్యార్థి అడిగితే మొదటిసారి వినడం కన్నా, తల్లి దగ్గర వినడం మేలు.

ఎంచుకోవడం గురించి మాత్రం నాకన్నా మా అమ్మే బాగా మాట్లాడింది. 35 మందిని వరసగా నిలబెట్టి అతను ఏరుకోవడం ఆవిడకి నచ్చలేదు. "పెళ్లిచూపుల్లో నేను కూర్చున్నాను, ఆ బాధ నాకు తెలుసు" అంది. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని మాట. తర్వాత రుక్మిణీ కల్యాణం ఎత్తుకుంది. పెళ్లి కావలసిన పిల్లలు మంచి మొగుడి కోసం పారాయణ చేస్తారు కదా, పోతన గారిది. అందులో రుక్మిణి ఏం చేసింది? అన్న శిశుపాలుడికి ఇస్తానంటే, తనకి కావలసినవాడికి అగ్నిద్యోతనుడి చేత కబురు పంపి, ఎప్పుడు రావాలో, ఎక్కడ గుడి దగ్గర తనని తీసుకెళ్లాలో తనే చెప్పింది. "ఆవిడ ఎవరితోనూ పోటీ పడలేదే అమ్మలూ" అంది అమ్మ. మా అమ్మాయి వెంటనే, ఇందులో కూడా అమెరికా సింగర్ చివరికి టీవీలో అందరి ముందూ లేచి ఈ నంబర్లే తీసెయ్యాలని అంటుంది అమ్మమ్మా, రాజుగారికి కోపమొచ్చినా సరే అని చెప్పింది. వాళ్లిద్దరూ అలా మాట్లాడుకుంటుంటే నేను మధ్యలోకి వెళ్లలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ వేరు. భోజనాల దగ్గర మా అమ్మాయి వాళ్ల నాన్నని అడిగేసింది, నేను ఆరో నంబరు అబ్బాయిని తెస్తే ఒప్పుకుంటావా అని. నేనైతే ఒప్పుకుంటానని, నంబరు అడగనని అప్పటికే మాటిచ్చాను. ఆయన అబద్ధం చెప్పలేదు. "ఒప్పుకోవాలనే అనుకుంటున్నాను. నానమ్మని, మీ పెదనాన్నని ఎదిరించి నిలబడగలనా అన్నది ఇప్పుడే చెప్పలేను" అన్నారు. పిల్లకి కోపమొచ్చి కంచం ముందు నుంచి లేచిపోయింది. నాకు ఆయన మీద కోపం రాలేదు, కానీ ఆ జవాబుతో ఆగిపోనివ్వను కూడా. వచ్చే వేసవిలో ఊరెళ్లినప్పుడు అత్తయ్యగారి దగ్గర ఈ మాట ఆయనే ఎత్తాలని అడిగాను. ఆలోచిస్తానన్నారు. అమ్మాయి ఈలోగా మొదటి పుస్తకం తెచ్చి ఆయన లాప్‌టాప్ మీద పెట్టింది.