తొమ్మిది గళ్ళలో మా ఫిట్టర్

మా ఫిట్టర్ వెళ్ళిపోయాడు. పన్నెండేళ్ళు మా ప్లాంట్ మెయింటెనెన్స్‌లో చేసిన మనిషి, విశాఖలో ఎవరో పిలిస్తే పోయిన వారం ఇక్కడ ఒడిశాలోని రాయగడ స్టేషన్లో సామానుతో రైలెక్కేశాడు. హెచ్‌ఆర్‌లో ఉన్నాను కాబట్టి ఆ రాజీనామా కాగితం నేనే తీసుకున్నాను, అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఇక్కడ ఒక షిఫ్ట్ సాఫీగా నడవాలంటే తెలుగు, ఒడియా, హిందీ, కొంచెం ఇక్కడి కొండవాళ్ళ భాష కువి కూడా వచ్చి ఉండాలి. ఆయనకి నాలుగూ వచ్చు. చదివింది ఐటీఐ.

ఒకసారి నైట్ షిఫ్ట్‌లో ఓవర్‌టైమ్ లెక్కలు చూద్దామని లోపలికి వెళ్తే, ఆయన ఫ్యాన్ దగ్గర వంగి ఉన్నాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొనని బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆగమన్నాడు. తర్వాత లేచి, "గరగరమంటోంది సార్, ఆదివారం దాకా ఆగదు" అన్నాడు. మర్నాడు విప్పితే లోపలి రింగు మీద చిన్న చిన్న గుంటలు, వేలితో తడిమితే తెలిసిపోతున్నాయి. ఆ రాత్రే పక్కనున్న హెల్పర్ కుర్రాడి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి ముందు పాడైన బేరింగు, తర్వాత బాగున్న బేరింగు, మళ్ళీ పాడైనది, అలా తేడా పట్టుకునేదాకా వినిపించాడు.

ఆయన్ని మేం టాలెంట్ రివ్యూలో ఎక్కడ పెట్టామో చెప్తాను. పనితీరు ఒక వైపు, పొటెన్షియల్, అంటే ముందు ముందు ఎదగగల సత్తా, ఇంకో వైపు పెట్టి, ఒక్కో మనిషిని తొమ్మిది గళ్ళలో ఒకదానిలో వేస్తాం. పనితీరు ఎక్కువ, పొటెన్షియల్ తక్కువ. ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ ఇవ్వలేదు, సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామంటే మెషిన్లు వదిలి రానన్నాడు, దాన్ని ఆశయం లేదని రాసుకున్నాం. ఆ గదిలో నేనూ ఉన్నాను, షీటు మీద నా సంతకమూ ఉంది.

ఈ తొమ్మిది గళ్ళ పట్టిక అసలు మనుషుల కోసం పుట్టలేదు. 1970ల్లో జనరల్ ఎలక్ట్రిక్ తన వ్యాపారాల్లో దేనిలో డబ్బు పెట్టాలో, దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడానికి మెకిన్సీ అనే సలహా కంపెనీ వాళ్ళతో కలిసి ఇలాంటిది వాడింది, తర్వాత హెచ్‌ఆర్ వాళ్ళు అదే పద్ధతిని మనుషులకి పెట్టారు. పనితీరుకి లెక్కలు తీయొచ్చు, ఎన్నిసార్లు మెషిన్ ఆగింది, ఎంతసేపట్లో మళ్ళీ నడిచింది. పొటెన్షియల్‌కి మాత్రం చాలాచోట్ల మేనేజర్ అంచనా తప్ప ఏమీ ఉండదు, ఆ అంచనాలో తనలా మాట్లాడేవాడే పైకి కనిపిస్తాడు. తర్వాతి వాళ్ళకి పని నేర్పడం పొటెన్షియల్ కాకపోతే ఇంకేమిటి?

పనిమంతుడు పైకి రావాలంటే సూపర్‌వైజర్ కుర్చీ ఒక్కటే దారి కాకూడదు. పనిలోనే ఉంటూ జీతం, హోదా పెరిగే రెండో మెట్ల వరుస ఉండాలి. ఇంజనీర్లకి చాలా కంపెనీల్లో అలా ఉంది, ఫిట్టర్లకి ఎందుకు లేదు?

వెళ్ళేముందు ఎగ్జిట్ ఫారం నింపిస్తూ, మీకేం కావాల్సి ఉండెనని అడిగాను. "ఇన్నేళ్ళలో నన్ను కూర్చోబెట్టి అడగడం ఇదే సార్" అన్నాడు. ఫారంలో మాత్రం సొంత కారణాలు అని రాశాడు.

నిన్న మళ్ళీ ఫ్యాన్ దగ్గరికి వెళ్ళాను. స్క్రూడ్రైవర్ ఆ హెల్పర్ కుర్రాడి చెవి దగ్గర ఉంది. వాడు కాంట్రాక్టు మనిషి, మా రివ్యూ షీట్లో వాడి పేరే ఉండదు. పేరు చేర్చమని రాతపూర్వకంగా పెట్టాను, ఇంకా జవాబు రాలేదు, సోమవారం మళ్ళీ అడుగుతాను.