మాస్క్ బిగిస్తే మెరుగయ్యే రిజొల్యూషన్

క్రయో-ఈఎమ్ మ్యాప్‌కు (గడ్డకట్టించిన ప్రోటీన్ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చిత్రించి, ఆ చిత్రాల నుంచి కట్టే త్రిమితీయ రూపానికి) మేము చెప్పే రిజొల్యూషన్ అంకె, అంటే ఎంత సన్నని వివరం కనబడుతుందో చెప్పే అంకె, స్కేలు పెట్టి కొలిచినదేనని మొదట్లో చాలాకాలం నమ్మాను. నిజానికి అది రెండు సగాల మధ్య పొందిక మాత్రమే. కణాల చిత్రాలను రెండు వాటాలు చేసి, ఒకదాని ఊసు మరొకదానికి తెలియకుండా విడివిడిగా రెండు హాఫ్ మ్యాప్‌లు కట్టి, ఫూరియర్ స్పేస్‌లో (మ్యాప్‌ను ముతక నుంచి సన్నని వివరాల దాకా తరంగాలుగా విడగొట్టిన రూపంలో) పొరపొరకూ వాటి పొందికను లెక్కిస్తే వచ్చేదే ఫూరియర్ షెల్ కోరిలేషన్, అంటే ఎఫ్‌ఎస్‌సీ. ఆ గీత 0.143 కిందికి దిగే చోటును రిజొల్యూషన్‌గా తీసుకుంటాము. ఈ అంకెకు 2003లో రోసెంతాల్, హెండర్సన్ ఇచ్చిన ఆధారం ఉంది: హాఫ్ మ్యాప్‌ల మధ్య పొందిక 0.143 ఉన్న చోట, మొత్తం డేటాతో కట్టిన మ్యాప్‌కూ దోషమే లేని ఆదర్శ మ్యాప్‌కూ మధ్య పొందిక 0.5 ఉంటుంది.

చిక్కంతా మాస్క్ దగ్గరే వస్తుంది. ప్రోటీన్‌ను ఉంచిన పెట్టెలో ఎక్కువ భాగం గడ్డకట్టిన నీరే. అక్కడి నాయిస్ రెండు మ్యాప్‌లలోనూ వేరువేరు కనుక, దాన్ని కూడా లెక్కలో కలిపితే ఎఫ్‌ఎస్‌సీ అన్యాయంగా పడిపోతుంది. అందుకని ప్రోటీన్ చుట్టూ మాస్క్ వేసి బయటిదంతా సున్నా చేస్తాము. అయితే రెండింటికీ వేసేది ఒకే మాస్క్. మామూలు స్పేస్‌లో గుణకారం ఫూరియర్ స్పేస్‌లో కన్వల్యూషన్ (ఒకదాన్ని మరొకదానితో పులిమి కలపడం) అవుతుంది కాబట్టి, ఆ మాస్క్ ఆకారం తాలూకు పొందిక కూడా రెండు మ్యాప్‌లలోకి చేరిపోతుంది. మాస్క్ ఎంత బిగుతుగా, దాని అంచు ఎంత పదునుగా ఉంటే ఆ దొంగ పొందిక అంత పెరుగుతుంది.

నా మొదటి మెంబ్రేన్ ప్రోటీన్ (కణపు పొరలో ఉండే ప్రోటీన్) విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. కట్టిన మోడల్ నుంచే మాస్క్ చేసి, మెత్తని అంచు దాదాపు లేకుండా వేశాను, 3.2 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు; అంకె ఎంత చిన్నదైతే అంత మెరుగు) అని వచ్చింది, సంతోషించాను. కానీ ఆ రిజొల్యూషన్‌లో స్పష్టంగా కనబడవలసిన ట్రిప్టోఫాన్, ఫినైల్‌అలనీన్ అనే అమైనో ఆమ్లాల సైడ్‌చైన్లు (పక్క గొలుసులు) మొండి కొమ్మల్లా మిగిలాయి. అప్పుడుగాని నేను పక్కన పెట్టేసిన మరో గీతను చూడలేదు. ఒక హద్దు దాటిన తరువాత ఫేజ్‌లను (ఆ తరంగాలు ఎక్కడ మొదలవుతాయో చెప్పే విలువలను) చెదరగొట్టి, అదే మాస్క్ వేసి, మళ్లీ ఎఫ్‌ఎస్‌సీ లెక్కించే పద్ధతి 2013 నుంచీ ఉంది. అక్కడ నిజమైన పొందికేదీ మిగలదు కనుక గీత సున్నాకు పడిపోవాలి. నాది పడలేదు. 3.4 ఆంగ్‌స్ట్రామ్ పొరలో మాస్క్ వేసిన ఎఫ్‌ఎస్‌సీ 0.30 ఉంటే, చెదరగొట్టినది 0.20 ఉంది. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేసి, ఒకటిలోంచి రెండోదాన్ని తీసేయగా వచ్చినదానితో భాగిస్తే, అంటే 0.10ని 0.80తో భాగిస్తే, మిగిలేది 0.125. గీత అప్పటికే 0.143 దాటి కిందికి దిగిపోయింది.

దిద్దుబాటు లెక్క ఉంది కదా అని మాస్క్ ఎంత బిగించినా పరవాలేదని వాదించేవారున్నారు, నాకది రుచించదు. దొంగ పొందిక అంత పెద్దదైనప్పుడు తీసివేతలో మిగిలే చిన్న అంకె మీద భరోసా పెట్టలేము. అందువల్ల మ్యాప్‌ను 15 ఆంగ్‌స్ట్రామ్‌కు లోపాస్ చేసి (అంతకంటే సన్నని వివరాలను తీసేసి), దుమ్ములాంటి చుక్కలు మాయమయ్యే థ్రెషోల్డ్ (సాంద్రత హద్దు) ఎంచుకొని, కొన్ని పిక్సెళ్లు వెడల్పు చేసి, చివర మెల్లగా సున్నాకు దిగే కొసైన్ అంచు చేర్చి కొత్త మాస్క్ తయారుచేశాను. చెదరగొట్టిన గీత వెంటనే సున్నాకు దిగింది, రిజొల్యూషన్ 3.7 అని తేలింది. సైడ్‌చైన్లు చెబుతున్నదీ దాదాపు అదే.

డిటర్జెంట్ మైసెల్‌ను (మెంబ్రేన్ ప్రోటీన్ చుట్టూ చేరే డిటర్జెంట్ అణువుల ముద్దను) మాస్క్‌లో ఉంచాలా వద్దా అన్నది మాత్రం ఒక్క మాటతో తేలేది కాదు: ఉంచితే క్రమం లేని ఆ ముద్ద అంకెను దిగజారుస్తుంది, తీసేయాలంటే ప్రోటీన్‌ను ఒరుసుకుంటూ కోయాలి. పైగా మొత్తానికి ఒక్కటే అంకె చెబితే, గట్టిగా కుదురుకున్న నడిభాగమూ ఊగిసలాడే బయటి డొమైనూ ఒకటేనన్నట్టు అవుతుంది కనుక ఏ భాగంలో ఎంత రిజొల్యూషన్ ఉందో చూపే లోకల్ రిజొల్యూషన్ మ్యాప్‌ను తోడు చూపకుండా ఆ అంకెను చెప్పడం మానేశాను. ఇప్పుడు ఈఎమ్‌డీబీలో (ఇలాంటి మ్యాప్‌లను అందరికీ అందుబాటులో ఉంచే డేటాబేస్‌లో) డిపాజిట్ చేసేటప్పుడు హాఫ్ మ్యాప్‌లతో పాటు, నేను వాడిన మాస్క్ ఫైలును కూడా పెడుతున్నాను; అనుమానమున్నవారు గీతను తామే మళ్లీ గీసుకోవచ్చు.