బోలేను ముడి

గత అక్టోబరు ఆఖర్లో మా పెద్దోడు స్కూలు నుంచి ఒక కాగితం పట్టుకొచ్చాడు. నవంబరు 11న యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం రెండు నిమిషాలు మౌనం పాటిస్తారట, ఆ వారమంతా యుద్ధాల మీదే పాఠాలట, మీ ఇంట్లో సైన్యంలో పనిచేసినవాళ్ళుంటే ఫొటోనో, మెడల్‌నో, ఏదో ఒకటి పంపండి అని అందులో ఉంది. ఇంగ్లండులో పిల్లల్ని పెంచేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. నవంబరు వస్తే చాలు, ప్రతి కోటు మీదా ఎర్ర గసగసాల పువ్వు, ఆ పువ్వు కోసం చిల్లర ఇమ్మని పొద్దున్నే పిల్లల గోల.

"మనకెవరూ లేరులే" అని వాడే తేల్చేసి కాగితం టేబుల్ మీద పడేశాడు.

"లేకపోవడమేంటి, మీ ముత్తాత మిలట్రీలో చేశాడు" అన్నాను పోపు వేస్తూ. అన్నాక తట్టింది, ఈ మాట వీడికి ఇంతవరకు నేను చెప్పనే లేదని. రామాయణం చెప్పాను, అల్లూరి సీతారామరాజు గురించి రెండు మూడు సార్లు చెప్పాను, మా తాత గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

వాడి కళ్ళు ఇంతయ్యాయి. ఏ యుద్ధం అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం, బర్మా అన్నాను. ఎంతమందిని చంపాడు అన్నాడు. ఎవర్నీ చంపలేదురా, వంతెనలు కట్టాడు అంటే వాడి మొహం వాడిపోయింది. అవతల వాడి స్నేహితుడి ముత్తాత యుద్ధవిమానం నడిపాడట, మరి మనం వంతెనలేంటి.

మాది శ్రీకాకుళం జిల్లా. మా అమ్మ వాళ్ళ నాన్న ఈయన. ఊళ్ళో అందరికీ మిలట్రీ తాత. మిలట్రీ అన్నది ఆయన జీవితంలో నాలుగేళ్ళే, తర్వాత దాదాపు అరవై ఏళ్ళు మట్టి పనే చేశాడు, అయినా పేరు మాత్రం ఆ నాలుగేళ్ళదే మిగిలింది.

అసలు కథ ఆయన పెదనాన్న దగ్గర మొదలవుతుంది. అప్పట్లో మా వైపు పల్లెల్లో పనికోసం రంగం పోవడం మామూలు విషయం, రంగం అంటే రంగూన్. ధాన్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసే పనికి ఓడెక్కి పోయేవారు. ఆ పెదనాన్న కూడా అలాగే పోయాడు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక ఓడలు దొరకనివాళ్ళు లక్షల మంది కొండలు, అడవులు పట్టుకుని నడిచే మనదేశం బయల్దేరారు, కలరా, ఆకలి, మలేరియా, దారిలో పోయినవాళ్ళు ఎంతమందో. పెదనాన్న ఇంటికి రాలేదు. ఎక్కడ పోయాడో కబురు కూడా లేదు.

తాత అప్పటికి విశాఖపట్నం హార్బరులో కూలి. 1942 ఏప్రిల్ 6న అక్కడా బాంబులు పడ్డాయి, కాకినాడలోనూ అదే రోజు. ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని, రేవులో పని ఆగిపోయిందని, ఇంటికి వెళ్తే తినే నోళ్ళు ఎక్కువని, మిలట్రీలో చేర్చుకుంటున్నారని ఎవరో చెప్తే వెళ్ళిపోయాడు. అంతే. మద్రాస్ సాపర్లలో చేరాడు, బెంగుళూరులో ట్రైనింగు. సాపర్లంటే తుపాకీ ఉన్నా ఎక్కువగా పార, గడ్డపార, తాళ్ళు, ఇనుము పట్టుకునేవాళ్ళు. సైన్యం ముందుకెళ్ళాలంటే దారి వేసేది వీళ్ళు, వెనక్కెళ్ళాలంటే వంతెన పేల్చేదీ వీళ్ళే.

చూడండి, పెదనాన్న ఏ దారిన నడుస్తూ పోయాడో, రెండేళ్ళ తర్వాత తాత అదే దారిన ఎదురు నడిచాడు. 1944లో కోహిమా, ఇంఫాల్ దగ్గర జపాన్ సైన్యం ఓడి వెనక్కి తగ్గుతుంటే, మన వైపు పద్నాలుగో సైన్యం కబావ్ లోయలోంచి చిండ్విన్ నది దాకా వెళ్ళింది. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. ఈ యుద్ధం మొత్తమ్మీద మన దేశం నుంచి పాతిక లక్షల మంది వెళ్ళారు. ఆ డిసెంబరులో కలేవా దగ్గర చిండ్విన్ మీద 1,154 అడుగుల తేలే వంతెన వేశారు. ఇవన్నీ నేను ఇక్కడికొచ్చాక లైబ్రరీలో చదివి తెలుసుకున్నవి. తాత నోటివెంట వచ్చినవి నాలుగే నాలుగు ముక్కలు. "సిందివిను" అనేవాడు, అది నది పేరని కూడా నాకు తెలీదు. జ్వరం రాకుండా పసుపుపచ్చ మాత్రలు మింగించేవారని, మింగీ మింగీ పెళ్ళికొడుకుల్లా ఒళ్ళు పసుపెక్కిపోయేదని నవ్వేవాడు. "ఒక్కో ఇనప సట్రం ఆరుగురం మోసేవోళ్ళం" అని కుడి భుజం చూపించేవాడు, అక్కడ నిమ్మకాయంత కాయ కాసి ఉండేది. విడి ఇనప ముక్కలు జోడించి వేసే బెయిలీ వంతెనలో ఒక్కో ముక్క, అంటే ప్యానెల్, పదడుగుల పొడవు, దాదాపు 260 కిలోలు ఉంటుందని చదివినప్పుడు నాకు ముందు ఆ భుజమే గుర్తొచ్చింది.

నాలుగో ముక్క ఒక్కసారే చెప్పాడు. అమ్మమ్మ పోయిన ఏడాది, సంక్రాంతికి, మేమంతా పడుకున్నామనుకుని మావయ్యతో చెప్తుంటే విన్నాను. ఆ దారి పక్కన ఎముకలు ఉండేవట, వాటి మధ్య గాజులు కనిపించేవట. రోడ్డు వెయ్యాలి కాబట్టి పక్కకి తీసి వేసేవాళ్ళమన్నాడు. పెదనాన్న మాట ఆయనా ఎత్తలేదు, మావయ్యా అడగలేదు.

1946లో ఇంటికి పంపేశారు. పింఛను లేదు, పదిహేనేళ్ళ సర్వీసు ఉంటేనే పింఛను. చేతిలో కొంత డబ్బు, ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక కంబళి. పోస్టులో మెడల్, ఒక కంచు నక్షత్రం, తర్వాతెప్పుడో వచ్చింది. దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలీక కొన్నాళ్ళు దేవుడి గూట్లో ఉంచారట, ఆ తర్వాత అమ్మమ్మ దాన్ని పేయదూడ మెడలో గంట పక్కన కట్టేసింది. తాతేమీ అనలేదట, "దీనికీ బర్మా సర్వీసు ఉన్నట్టే" అన్నాడట. దూడ పెరిగి ఆవైంది, నక్షత్రం ఏ బీడులో రాలిపోయిందో! మా వాడు మెడల్ కావాలని ఏడ్చినప్పుడు ఈ కథ చెప్తే ముందు నమ్మలేదు, తర్వాత అరగంట సేపు పడీ పడీ నవ్వాడు.

ఇక తాత పనితనం సంగతి. మా ఊరికీ పొలాలకీ మధ్య గెడ్డ ఉంది, గెడ్డ అంటే వాగు. వానాకాలంలో పొంగితే అటు వాళ్ళు అటే, ఇటు వాళ్ళు ఇటే. తాత ఊరికొచ్చిన మరుసటేడు తాటి దూలాలు వేసి, తాళ్ళతో కట్టి కాలివంతెన వేశాడు. ఏటా వరదకి అది కొట్టుకుపోయేది. ఏటా మళ్ళీ వేసేవాడు. ఒక్కోసారి తోడు నలుగురొచ్చేవారు, ఒక్కోసారి ఎవరూ వచ్చేవారు కాదు, దానికీ ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు, అమ్మమ్మే తిట్టేది. పొద్దున్న నాలుగింటికి లేచి, కంబళి కొలిచినట్టు మడతపెట్టి, చోడి అంబలి తాగి వెళ్ళేవాడు. అలా నలభై ఏళ్ళకి పైగా. ప్రభుత్వం వాళ్ళు కల్వర్టు కట్టాక, ఆ కల్వర్టు మీదుగా నడిచిన ప్రతిసారీ వంగి కింద చూసేవాడు, పగుళ్ళున్నాయేమోనని.

మరి ఇలాంటి మనిషి గురించి పిల్లలకి ఎందుకు చెప్పలేదు? నిజం చెప్పాలంటే సిగ్గు. ఏడో తరగతిలో ఆగస్టు 15కి మా క్లాసులో మాస్టారు అడిగారు, మీ ఇళ్ళల్లో స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళెవరని. నేను చెయ్యెత్తి మా తాత మిలట్రీ అన్నాను గొప్పగా. ఎప్పుడు అంటే బర్మా యుద్ధం అన్నాను. "అంటే తెల్లోళ్ళ మిలట్రీ. నేతాజీ సైన్యం మీద యుద్ధం చేసినోడన్నమాట" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి తాతనే నిలదీశాను, నువ్వు ఎవరి పక్క అని. మంచం నులక బిగిస్తున్నాడప్పుడు. పని ఆపకుండానే అన్నాడు, "కూడు ఎవుడెడితే ఆడి పక్కే నిలబడ్డామే. ఆకలికి పక్కలేటి?" నాకు పన్నెండేళ్ళు. ఆ జవాబు నచ్చలేదు. మూడు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు మేముండే రెడింగ్‌లో ఇదే మనిషి ఉన్నట్టుండి సరైన పక్క మనిషైపోయాడు. స్కూలు గోడ మీద పెడతారట, చప్పట్లు కొడతారట. నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు, కానీ ఎక్కడో గుచ్చుకుంది కూడా. మా వాడు తెలివైనోడు, రెండో రోజే అడిగాడు: అల్లూరి బ్రిటిష్ వాళ్ళతో కొట్లాడాడు, ముత్తాత బ్రిటిష్ వాళ్ళకి పనిచేశాడు, నువ్వేమో ఇద్దరూ మంచోళ్ళే అంటావు, ఎలా? వాడు అడిగేది ఇంగ్లీషులో, నేను చెప్పేది తెలుగులో, మా ఇంట్లో సంభాషణంతా ఇంతే. వాడికి తాత జవాబే చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "ఆయనకి వేరే ఉద్యోగం దొరకలేదా" అన్నాడు. లేదురా అన్నాను. "దట్స్ ఫెయిర్" అన్నాడు. నాకు పన్నెండేళ్ళకి రాని బుద్ధి వీడికి పదేళ్ళకే ఎలా వచ్చిందో.

ఫొటో వెతికితే ఉన్నది ఒక్కటే, ఓటరు కార్డు మీదది. భుజాన తువ్వాలు, మాసిన గెడ్డం, ఫొటో తీసేవాడి మీద కోపంగా చూపు. స్కూల్లో అన్నీ యూనిఫాం ఫొటోలు, ఇస్త్రీ చొక్కాలు, నవ్వుమొహాలు, వాటి మధ్య మా తాత. కింద మా వాడు రాసిన ఒకే ఒక్క వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇది: ఈయన యుద్ధంలో వంతెనలు కట్టాడు, యుద్ధం అయిపోయాక కూడా ఆపలేదు. నేను వాడికి సాయం చెయ్యలేదు, ఒట్టు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. జనవరిలో ఒక సాయంత్రం కబ్ స్కౌట్స్ నుంచి వచ్చి, కర్టెన్ తాడు పట్టుకుని ఏదో ముడి వేస్తున్నాడు. కుందేలు బొరియలోంచి బయటికొచ్చింది, చెట్టు చుట్టూ తిరిగింది, మళ్ళీ బొరియలోకి దూరింది అని ఇంగ్లీషులో పాడుతున్నాడు. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

చిన్నప్పుడు తాత నాకు నేర్పిన ముడి అది. నూతి చేదకి, దూడ మెడకి అదే వేసేవాడు, ఎంత గింజుకున్నా జారదు, అలాగని బిగుసుకుని ఉరీ పడదు. ఆయన పాట వేరు. "పాము పుట్టలోంచి వచ్చింది, తాటిసెట్టు సుట్టూ తిరిగింది, మళ్ళా పుట్టలోకి దూరింది." దాన్ని బోలేను ముడి అనేవాడు. మా ఊళ్ళో ఇప్పటికీ పాడి ఉన్నవాళ్ళు అదే అంటారు. ఇన్నేళ్ళూ అది మా శ్రీకాకుళం మాటే అనుకున్నాను, బోలు అనో బోలెడు అనో ఏదో మూలం ఉండి ఉంటుందని.

"దీని పేరేంట్రా" అన్నాను. "బోలైన్" అన్నాడు.

బెంగుళూరు ట్రైనింగులో ఎవరో నేర్పే ఉంటారు, కుందేలు గురించి పాడే ఉంటారు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు దాన్ని మోసుకొచ్చి కుందేల్ని పామును చేసి, చెట్టును తాటిచెట్టు చేసి ఊరికిచ్చేశాడు. నేను కర్టెన్ తాడు తీసుకుని కళ్ళు మూసుకుని వేసి చూపించాను. మా వాడు అప్పుడు నన్ను చూసిన చూపు, పదేళ్ళలో నేను చేసిన ఏ వంటకీ దక్కలేదు. మా చిన్నదానికి ఆరేళ్ళు, దానికి కుందేలు వద్దట, పామే కావాలట. రోజూ పడుకునే ముందు మంచం కోడుకి పాము ముడి వేసి, తాటిసెట్టు అని తాత యాసలోనే అంటోంది. దానికి చెట్టు అనడం రాదు ఇప్పుడు. తెలుగు టీచర్లు క్షమించాలి.

ఫిబ్రవరి సెలవుల్లో పిల్లల్ని ఇంగ్లండులోనే ఉన్న క్రైస్ట్‌చర్చ్ తీసుకెళ్ళాం. డోనాల్డ్ బెయిలీ తన వంతెనని మొదట పరీక్షించి చూసింది ఆ ఊళ్ళోనే, ఆ మొదటి నమూనా ఇప్పటికీ స్టాన్‌పిట్ చిత్తడినేలలో ఒక చిన్న కాలువ మీద ఉంది, జనం కుక్కల్ని తీసుకుని దాని మీద నడుస్తూ పోతారు. చలి, గాలి, మా ఆయన సణుగుడు, ఇంత దూరం వచ్చింది దీన్ని చూడ్డానికా అని. ఆయన సణుగుడులో న్యాయం ఉంది, అది చాలా చిన్నది.

మావయ్యకి వీడియో కాల్ చేసి చూపించాను. డెబ్బై దాటాయి మావయ్యకి. కాసేపు చూసి, "ఓసి, ఇదేనా? మన గెడ్డ మీదదే పెద్దది" అన్నాడు. తర్వాత, "ఏదీ, కిందకి వంగి సూపించు, తుప్పేమైనా పట్టిందేటో" అన్నాడు.

ఫోను ఎవరు పట్టుకోవాలని పిల్లలిద్దరూ కొట్టుకుని, చివరికి చిన్నది బోర్లా పడుకుని, ఫోను వంతెన కిందకి పెట్టింది. అవతల మావయ్య, ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం లోపలికి అంటూనే ఉన్నాడు.