అక్క వాళ్ళ ఎర్ర కారు

సంక్రాంతి సెలవుకు షార్జా నుంచి వచ్చి, కూకట్‌పల్లిలో అక్క వాళ్ళ ఇంటి ముందు ఆటో దిగగానే నా చూపు కారు మీద పడింది. బానెట్ మీద తెల్లటి మచ్చలు. పైకప్పు మీద క్లియర్ కోటు, అంటే రంగు పైన వేసే పారదర్శక పొర, ఎండిన ఉల్లిపొరలా లేచి, గాలికి కదులుతోంది. 2013లో ఆ కారు కొన్నప్పుడు డౌన్ పేమెంట్‌కు కొంత డబ్బు నేనే పంపాను. 11 ఏళ్ళుగా షార్జాలోని షెడ్డులో ఎవరెవరి కార్లకో రంగు వేస్తున్నాను. మా ఇంటి కారు ఇలా ఉండటం చూసి మనసు చివుక్కుమంది.

“పాలిష్ చేయిస్తే పోతుందన్నారురా. రెండుసార్లు చేయించాను. పది రోజులు మెరిసి మళ్ళీ ఇదే” అన్నారు బావ.

“పాలిష్ అంటే ఉన్న క్లియర్‌ను కాస్త అరగదీయడమే బావా. చెడిపోయినది దానితో తిరిగిరాదు” అన్నాను.

క్లియర్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక కంటే పలచన. ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకోవడానికి అందులో కలిపిన రసాయనాలు ఏళ్ళ తరబడి ఖర్చవుతూ వస్తాయి. అవి అయిపోయాక పొర పెళుసెక్కి సన్నగా పగులుతుంది, నీరు దిగుతుంది, కింది రంగును వదిలేసి లేస్తుంది. ఆకాశం వైపు చూసే బానెట్, పైకప్పు, డిక్కీ మూత ముందు పోతాయి. బావ కారు పదేళ్ళకు పైగా రోడ్డు మీదే, ఎండలోనే ఉంది. తలుపులు మాత్రం ఇంకా బాగున్నాయి.

బావ అప్పటికే ఒక స్ప్రే డబ్బా కొని పెట్టారు. వద్దన్నాను. లేచిపోతున్న పొర మీద ఎంత మంచి క్లియర్ కొట్టినా అది ఆ పొరతోపాటే ఊడి వస్తుంది. ఇది నేను నష్టపడి నేర్చుకున్నాను. షార్జాలో చేరిన కొత్తలో ఒక బానెట్‌కు తెల్లబడినంత మేరే రుద్ది క్లియర్ వేశాను. నాలుగు నెలలకు ఆ కారు తిరిగొచ్చింది. కొత్త క్లియర్ అంచు చుట్టూ మళ్ళీ లేచింది. మా మలయాళీ ఉస్తాద్ తిట్టలేదు. నా బొటనవేలు పట్టుకుని అంచు మీద నడిపిస్తూ “ఇంకా ముందుకు, ఇంకా ముందుకు” అన్నాడు. కంటికి బాగున్నట్టు కనిపించే చోట కూడా గోరు తగిలితే పొర లేచింది. ఆ రోజు నుంచి నేను ముందు వేలితో చూస్తాను, తరువాతే కంటితో.

బాలానగర్‌లో తెలిసినవారి బూత్, అంటే కార్లకు రంగు కొట్టే గది, రెండు రోజులకు అడిగి తీసుకున్నాను. 320 నంబరు గరుకు పేపర్‌తో పొడిగా రుద్దడం మొదలుపెట్టాను. ధూళి తెల్లగా ఉన్నంతసేపు క్లియర్ పోతున్నట్టు, ఎర్రబడితే రంగు తగిలినట్టు. అంచు వేలికి తెలియనంత నునుపయ్యే దాకా ఆపలేదు. సగం రోజు దానికే పోయింది, పోనివ్వాలి కూడా. పైకప్పు పక్కల రబ్బరు పట్టీలు తీసి వాటి కింది వరకు రుద్దాను. కొత్త క్లియర్ ఎక్కడా నడిమధ్య ఆగకూడదు, పట్టీ కిందో భాగం అంచునో ముగియాలి. తరువాత 800, మిగతా చోట 1000 వాటర్ పేపర్. ఎరుపు పలచగా మూడు పూతలు వేశాను.

క్లియర్ కలిపేటప్పుడు అక్కడి పెయింటర్ కుర్రవాడు ముఖానికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే గన్ అందుకోబోయాడు. నాకు గుండె జారింది. క్లియర్ గట్టిపడటానికి కలిపే హార్డనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. హాని చేసే మోతాదులో ఉన్నా దాని వాసన ముక్కుకు తెలియకపోవచ్చు. రుమాలు దాన్ని ఆపలేదు. షార్జాలో నా గదిలో ఉండే జగిత్యాల అన్న మాస్కు లేకుండా ఏళ్ళ తరబడి కొట్టాడు. చివరికి ఆస్తమా పట్టుకుని, షెడ్డు గుమ్మం దాటితే చాలు ఊపిరాడక పని మానేసి ఊరికి తిరిగొచ్చాడు. ఈ బూత్‌లో బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు ఉంది, పెట్టె కూడా విప్పలేదు. ఉక్కపోస్తుందని ఎవరూ వాడరట. నేనే విప్పి బిగించుకుని బానెట్, పైకప్పు కొట్టాను. కుర్రవాణ్ణి బయటే ఉండమన్నాను. డిక్కీ మూత తానే కొడతానని అడిగితే మాస్కు తుడిచి అతని తలకు తొడిగి, గొట్టం రెండుసార్లు సరిచూశాను. చేయి మంచిది. పూత ఎక్కడా జారలేదు.

60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, మర్నాడు ఇంటికి తెచ్చాం. నెల రోజులు మైనం, పాలిష్ వద్దని బావకు చెప్పాను. భోగి నాడు తెల్లవారుజామున వీధిలో పిల్లలు మంటకు కట్టెలు పేరుస్తుంటే, రవ్వలు, బూడిద పడతాయని కారును వీధి చివరకు తీసుకెళ్ళి పెట్టాను. అక్క శాలువా కప్పుకుని నా వెంటే అక్కడి దాకా నడిచి వచ్చింది.